ఒకే కప్పు, ఆరు పద్దులు

దసరాకి రెండు రోజుల ముందు మా తమ్ముడి కొత్త కారు డెలివరీ. ముహూర్తం పదకొండు నలభైకి. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ అన్నీ అమ్మ ఇంటినుంచే సర్దుకొచ్చింది. కారు మీద కప్పిన ఎర్రగుడ్డని తమ్ముడూ మరదలూ చెరో కొసా పట్టుకుని లాగారు. షోరూంలో అందరూ చప్పట్లు కొట్టారు. బానెట్ మీద స్వస్తిక్ వేసే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగిన అమ్మ వెనక బంపర్ దగ్గర ఆగిపోయింది. మూలన జానెడు గీత. తెల్లరంగు లేచిపోయి లోపలి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది.

కారు అమ్మిన కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "డెలివరీకి ముందు పీడీఐ తనిఖీలో చూడాల్సింది సార్, అది సర్వీస్ వాళ్ళ పని" అన్నాడు. వర్క్‌షాపు నుంచి వచ్చిన సూపర్‌వైజరు "మా దగ్గరికి వచ్చేసరికే ఉంది, యార్డు వాళ్ళు షీట్‌లో రాయలేదు" అన్నాడు. యార్డు ఊరి చివర ఉంది, అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. బాడీషాపు ఇన్‌చార్జి మాత్రం సూటిగా అడిగాడు: "చేసిస్తాను. కానీ జాబ్ కార్డు ఎవరి పేరు మీద తెరవను?"

డబ్బు కట్టినవాళ్ళం ఎదురుగానే నిలబడి ఉన్నాం. ఆ మాటల్లో మా ఊసు లేదు. బంపర్ రంగు ఖర్చు ఏ డిపార్ట్‌మెంటు నెత్తిన పడుతుందన్నదే అక్కడి గొడవ.

కార్ల షోరూంల గురించి మనవాళ్ళు చెప్పుకునే బాధల్లో సగానికి మూలం ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. "ఆ కుర్రాడు మోసం చేశాడు", "ఆ సర్వీస్ సెంటర్ దొంగలది" అనుకుంటాం. ఆ కుర్రాడికి జీతం ఏ లెక్కన వస్తుందో, ఆ సర్వీస్ సెంటర్ పద్దు ఎవరు చూస్తారో అడగం. ఈ విషయం మీద మన దేశంలోనూ అమెరికాలోనూ కోర్టుల్లో, కాంపిటీషన్ కమిషన్ ముందు, విశ్వవిద్యాలయాల పరిశోధనల్లో బయటపడ్డ సంగతులు చాలానే ఉన్నాయి. వాటిని ఒక్కచోట పెట్టి చూస్తే మనుషుల గుణాల కంటే జీతాల లెక్కలే ఎక్కువ మాట్లాడతాయి.

బయట బోర్డు ఒకటే అయినా లోపల కనీసం ఆరు దుకాణాలుంటాయి: సేల్స్, యాక్సెసరీస్, లోన్లూ ఇన్సూరెన్సూ చూసే డెస్కు, పాత కార్ల విభాగం, వర్క్‌షాపు, విడిభాగాల కౌంటరు. ఎవరి టార్గెట్ వాళ్ళది, ఎవరి నెలవారీ లాభనష్టాల లెక్క వాళ్ళది. కొత్త కారు అమ్మితే డీలరుకి మిగిలేది మనం ఊహించుకునేంత ఉండదు. అమెరికా డీలర్ల సంఘం నాడా ఏటా వేసే లెక్కల్లో సర్వీసు, విడిభాగాల వాటా అమ్మకాల విలువలో ఎనిమిదో వంతు అటూ ఇటూగా ఉంటే, స్థూల లాభంలో మాత్రం సగానికి దగ్గరగా ఉంటుంది. మన దగ్గర అంకెలు వేరైనా దారి అదే. కారు ఎరలాంటిది. రాబడి దాని వెనక వచ్చే పాలసీ, లోను, సీటు కవరు, వారంటీ పొడిగింపు, తర్వాతి సర్వీసుల్లో ఉంటుంది.

అమ్మే కుర్రాడి జీతం కూడా ఇదే వరసలో కట్టి ఉంటుంది. స్థిర జీతం తక్కువ. మిగతాదంతా ఇన్సెంటివ్. దానికి శ్లాబులు. నెలకి ఇన్ని కార్లు దాటితేనే కారుకి ఇంత, దాటకపోతే ఏమీ లేదు. ఉదాహరణకి గడప ఆరు కార్లు అనుకోండి. ఐదు అమ్మినవాడికి ఇంచుమించు ఉత్త జీతమే. ఆరోది అమ్మిన క్షణంలో మొత్తం ఆరింటి మీదా డబ్బు వస్తుంది. నెలాఖరున అతనికి ఆ ఆరో కారు ఒక కారు కాదు, ఇంటి అద్దె. 30వ తేదీ రాత్రి తొమ్మిదింటికి "సార్, రేపు బిల్లు చేయించుకుంటే ఇంకో పదివేలు మాట్లాడతాను" అని ఫోన్ వస్తుంది. అదే కుర్రాడు రెండో తేదీన అంత ఉత్సాహంగా ఉండడు. పాల్ ఓయర్ అనే ఆర్థికవేత్త 1998లో అమెరికా కంపెనీల అమ్మకాల లెక్కలు తిరగేసి, ఆర్థిక సంవత్సరం చివర అమ్మకాలు పెరిగి, కొత్త ఏడాది మొదట్లో తగ్గడం చూపించాడు. గడప పెట్టి ఇచ్చే ఇన్సెంటివ్‌లతో సరిపోయే నడక అది. కొనేవాడి అవసరం క్యాలెండరు చూసి పుట్టదు, అమ్మేవాడి అవసరం పుడుతుంది.

దానికి తోడు మరో నిబంధన. చాలాచోట్ల ఆరు కార్లు అమ్మినా పూర్తి ఇన్సెంటివ్ రావాలంటే వాటిలో ఇన్నిటికి ఇన్సూరెన్స్ లోపలే చేయించి ఉండాలి, ఇన్నిటికి లోను ఆ డెస్కు నుంచే వెళ్ళి ఉండాలి, యాక్సెసరీస్ బిల్లు సగటున ఇంత దాటాలి. పాలసీ బయట తీసుకుంటానని మా తమ్ముడు అన్నప్పుడు ఆ కుర్రాడి గొంతు మారడానికి కారణం ఇదే. ముందు డిస్కౌంట్ తగ్గుతుందన్నాడు, తర్వాత క్లెయిమ్ వస్తే క్యాష్‌లెస్ కుదరదన్నాడు. రెండోది ఆ బీమా కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందే తప్ప, పాలసీ ఎక్కడ కొన్నామన్నదాన్ని బట్టి కాదు.

ఇది బీమా నియంత్రణ సంస్థకి తెలియని సంగతి కాదు. ఐఆర్‌డీఏఐ 2017 ఆగస్టులో వాహన డీలర్ల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది, నవంబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. పాలసీ అమ్మిన డీలరుకి దక్కే సొమ్ముకి కార్ల విషయంలో సొంత నష్టం ప్రీమియంలో 19.5 శాతం పరిమితి పెట్టింది. తమ దగ్గరే పాలసీ తీసుకోవాలని కొనేవాళ్ళని బలవంతపెట్టకూడదంది. కమిషన్ల మీద విడివిడి పరిమితుల పద్ధతిని 2023లో మార్చి, బీమా కంపెనీ మొత్తం ఖర్చుకి పరిమితి పెట్టారు. ఇవన్నీ డీలరుకీ బీమా కంపెనీకీ మధ్య లెక్కలు. షోరూంలో టేబులు అవతల కూర్చున్న మనిషికి లోపలి పాలసీల సంఖ్య జీతంగా మారుతున్నంత కాలం, బలవంతపెట్టకూడదన్న మాట కాగితం మీదే ఉంటుంది. కొనేవాడు తెలుసుకోవాల్సింది ఒకటుంది: 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ బీమా మూడేళ్ళకి తప్పనిసరి, సొంత నష్టం పాలసీ మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు, ఎక్కడైనా తీసుకోవచ్చు.

డిస్కౌంట్ సంగతి ఇంకా లోతైనది. మనం బేరమాడేది ఎదురుగా ఉన్న కుర్రాడితో. అతని చేతిలో ఎంత ఉందో మనకి తెలియదు. మేఘన్ బస్సీ, హోర్హే సిల్వా-రిస్సో, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్ 2006లో అచ్చువేసిన పరిశోధన ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. కారు కంపెనీ ఇచ్చే రాయితీ కొనేవాడి పేరు మీద, అందరికీ తెలిసేలా ప్రకటిస్తే అందులో 70 నుంచి 90 శాతం కొనేవాడికి అందింది. అదే సొమ్ము డీలరుకి లోపాయికారీగా ఇస్తే కొనేవాడి దాకా వచ్చింది 30 నుంచి 40 శాతమే. డబ్బు ఒకటే, ఎవరి పేరు మీద పంపారన్నదే తేడా. మన దగ్గర "డీలర్ సపోర్ట్", "స్పెషల్ స్కీము" అని వినపడేవన్నీ ఈ రెండో దారిలోవే.

మరి ఏ డీలరైనా తనకి వచ్చే లాభంలోంచి ఎక్కువ తగ్గించాలనుకుంటే? కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి 200 కోట్ల జరిమానా వేసిన ఉత్తర్వు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కంపెనీ నిర్ణయించినదాని కంటే ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా డీలర్ల మీద నిఘా పెట్టారని కమిషన్ తేల్చింది. దొంగ కస్టమర్లని షోరూంలకి పంపి మాటలు రికార్డు చేయించారు. ఎక్కువ తగ్గించినట్టు దొరికితే జరిమానా డీలరుకి మాత్రమే కాదు, అమ్మిన ఎగ్జిక్యూటివ్, టీమ్ లీడర్, షోరూం మేనేజర్, రీజనల్ మేనేజర్‌ల దాకా పడేది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. హ్యుందాయ్ మీద ఇలాంటి ఆరోపణతోనే 2017లో వేసిన 87 కోట్ల జరిమానాని మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది. చట్టం చివరికి ఏం తేల్చినా ఒక్క విషయం మర్చిపోలేను. ఇంకో రెండు వేలు తగ్గించమని మనం బతిమాలుతున్న కుర్రాడు, ఎదుటివాడు నిజంగా కొనడానికొచ్చాడా, తన జీతం కోయించడానికొచ్చాడా అని కూడా అనుమానపడాల్సిన స్థితి ఒకటి ఉండింది.

ఈ ఒత్తిడి షోరూంలో పుట్టింది కాదు, పైనుంచి వస్తుంది. కార్ల కంపెనీల సంఘం సియామ్ ప్రకటించేది ఫ్యాక్టరీ నుంచి డీలరుకి పంపిన బళ్ళ సంఖ్య. డీలర్ల సంఘం ఫాడా ప్రకటించేది ఆర్టీఓల్లో రిజిస్టరైన బళ్ళ సంఖ్య. ఈ రెండింటి మధ్య తేడాయే యార్డుల్లో ఎండకి ఎండే బళ్ళు. 2024 సెప్టెంబరు నాటికి నిల్వలు 80 నుంచి 85 రోజుల అమ్మకాలకి చేరాయనీ, 79 వేల కోట్ల విలువైన 7.9 లక్షల బళ్ళు పేరుకున్నాయనీ ఫాడా చెప్పింది. ఉండాల్సింది 21 రోజులకే అన్నది ఆ సంఘం మాట. ఆ బళ్ళ మీద డీలరు బ్యాంకుకి రోజువారీ వడ్డీ కడుతుంటాడు. అలాంటప్పుడు మీరడిగిన రంగు కాకుండా యార్డులో ఉన్న రంగునే "సార్, ఇదే బాగా మూవ్ అవుతోంది" అని చెప్పించేది ఆ వడ్డీయే.

ఇది ఎంతవరకూ వెళ్ళగలదో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక గోవా కేసు చూపిస్తుంది. 2011 మోడల్‌కి డబ్బు కట్టిన మనిషికి 2009లో తయారై, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన బండి వచ్చింది. డీలరు తప్పు తేలింది. కంపెనీని కూడా బాధ్యుణ్ణి చేసిన కింది ఉత్తర్వుల్ని మాత్రం 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. కంపెనీకీ డీలరుకీ ఉన్నది యజమాని-ఏజెంటు సంబంధం కాదు, ఇద్దరూ ఎవరికి వారే వ్యాపారులు అన్నది కారణం. తప్పు కంపెనీకి తెలిసి జరిగిందని రుజువు కావాలి. చట్టప్రకారం అది సరైనదే కావచ్చు. నాకు మాత్రం మళ్ళీ ఆ బాడీషాపు ఇన్‌చార్జి గొంతే వినిపించింది. టార్గెట్ వేసేటప్పుడు కంపెనీ, డీలరు ఒక్కటి. లెక్క కట్టాల్సొచ్చినప్పుడు ఎవరి పేరు వాళ్ళది.

వర్క్‌షాపులో ఇదంతా ఇంకా సన్నగా, కంటికి ఆనకుండా జరుగుతుంది. కారణం తేలికే: ధర తెలియకపోతే అడగగలం, జబ్బే తెలియకపోతే ఏమడుగుతాం? అమెరికాలో మెకానిక్‌కి చాలాచోట్ల ఫ్లాట్ రేట్ పద్ధతిలో కూలీ. పుస్తకంలో ఒక పనికి రెండు గంటలని రాసి ఉంటే, గంటలో చేసినా మూడు గంటలు పట్టినా రెండు గంటల కూలే. బ్రేకు ప్యాడ్లు మార్చడం ఇలాంటి లెక్కలో లాభం. ఎక్కడో డాష్‌బోర్డు వెనక అప్పుడప్పుడూ వచ్చే కిటకిట శబ్దాన్ని వెతకడం నష్టం. పైగా వారంటీ పనులకి కంపెనీ ఇచ్చే గంటలు, బయటి కస్టమరు బిల్లు గంటలకంటే తక్కువగా ఉంటాయి. "చెక్ చేశాం, ప్రాబ్లం ఏమీ కనపడలేదు" అన్న వాక్యం వెనక చాలాసార్లు ఈ కూలి లెక్క ఉంటుంది. మన దగ్గర మెకానిక్‌కి ఎక్కువగా నెలజీతమే. టార్గెట్ ఉండేది సర్వీస్ అడ్వైజర్‌కి: రోజుకి ఇన్ని జాబ్ కార్డులు, ఒక్కో కార్డు మీద సగటున ఇంత.

పోయిన ఏడాది నా కారు 30 వేల కిలోమీటర్ల సర్వీసుకి ఇచ్చినప్పుడు, అడ్వైజర్ ట్యాబ్‌లో టిక్కులు పెడుతుంటే పక్కనే నిలబడి చూశాను. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజన్ డీకార్బనైజింగ్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, అండర్‌బాడీ కోటింగ్. అంచనా 11,200 అన్నాడు. గ్లవ్ బాక్సులోంచి కారుతో ఇచ్చిన పుస్తకం తీసి, 30 వేల కిలోమీటర్ల గడి కింద వేలు పెట్టి "బాబూ, ఇందులో ఉన్నవేవో చెప్పు" అన్నాను. ఒక్క మాటా వాదించలేదు. నాలుగు టిక్కులు తీసేశాడు. 6,400 అయింది. తలెత్తి నవ్వాడు కూడా, భారం దిగినవాడిలా. అతనికి వాటి మీద నమ్మకం లేదు, నెల టార్గెట్ మీద భయం మాత్రం ఉంది.

దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ 1992 నాటిది. కాలిఫోర్నియా ప్రభుత్వంలో వాహన మరమ్మతుల్ని చూసే విభాగం, సియర్స్ కంపెనీ ఆటో సెంటర్లకి మామూలు కస్టమర్లలా తన మనుషుల్ని పంపింది. 38 సార్లు వెళితే 34 సార్లు అక్కర్లేని పని అంటగట్టారు. అంతకుముందే అక్కడి అడ్వైజర్లకి కమిషన్లు, కోటాలు పెట్టారు. గొడవ బయటపడ్డాక కంపెనీ ఛైర్మన్ ఎడ్వర్డ్ బ్రెన్నన్ ఆ జీతాల పద్ధతే తప్పులకి చోటిచ్చిందని ఒప్పుకుని దాన్ని ఎత్తేశాడు. అంతకాలం ఆ అడ్వైజర్లందరూ పుట్టు దొంగలై, కమిషన్ పోగానే మంచివాళ్ళై ఉంటారా? నేను నమ్మను.

డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీ దెబ్బ ఎక్కువ తగిలేది అతుకుల దగ్గర, ఒక పద్దులోంచి మరో పద్దులోకి బండి మారేచోట. మా తమ్ముడి బంపర్ అలాంటి చోటే గీసుకుంది. పీడీఐ వర్క్‌షాపు చేయాల్సిన పని, డబ్బు మాత్రం సేల్స్ నుంచి లోపలి రేటుకి వస్తుంది. బయట బిల్లు కట్టే బళ్ళు పది వరసలో ఉంటే ఆ కొత్త కారు రాత్రి ఏడింటికి బేలోకి వెళుతుంది, చీకట్లో చూస్తారు. పాత కారు ఎక్స్ఛేంజ్‌లో ఇస్తామంటే సేల్స్ కుర్రాడికి మంచి ధర పలకాలి, లేకపోతే బేరం పోతుంది. వెలకట్టే మనిషికి తక్కువ పలకాలి, అతని పద్దులో లాభం కనపడాలి. చివరికి కొత్త కారు డిస్కౌంట్‌లోంచి కొంత తీసి పాత కారు ధరలో కలిపి చూపిస్తారు. అందుకే మొత్తం చేతినుంచి పోయే సొమ్ము ఒక్కటే చూడాలి. సేల్స్ వాళ్ళలో వాళ్ళకే ఇంకో గొడవ: మీ ఫోన్ నంబరు సిస్టంలో ఎవరు ముందు ఎక్కిస్తే మీరు వాళ్ళ సొత్తు. ఆ మనిషి సెలవులో ఉంటే మిగతా నలుగురూ మిమ్మల్ని చూసీ చూడనట్టు పోతారు. "మీ ఎంక్వైరీ ఎవరి పేరు మీద ఉంది మేడమ్?" అని మా మరదల్ని అడిగారు. నీళ్ళు ఇచ్చింది సెక్యూరిటీ ఆయన.

లోన్ డెస్కు గురించి అమెరికాలో ఉన్న మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. బ్యాంకు ఒక వడ్డీ రేటుకి ఒప్పుకుంటే, డీలరు దాని మీద కొంత పెంచి మనకి చెప్పి, ఆ తేడాలో వాటా తీసుకోవడం అక్కడ మామూలు. ఈ పెంపు నల్లజాతి, హిస్పానిక్, ఆసియా మూలాల వాళ్ళ మీద ఎక్కువ పడిందంటూ 2013 డిసెంబరులో కారు లోన్లిచ్చే ఆలీ ఫైనాన్షియల్ మీద చర్య తీసుకున్నారు. ఆ సంస్థ 9.8 కోట్ల డాలర్లకి రాజీపడింది. అంతకుముందు షికాగోలో ఇయాన్ ఎయిర్స్, పీటర్ సీగల్‌మన్ ఒకే రకం మాటలు నేర్పిన మనుషుల్ని జతలుగా డీలర్ల దగ్గరికి పంపి, నల్లజాతి పురుషులకి అందరికంటే ఎక్కువ ధరలు చెప్పారని 1995లో చూపించారు. అమ్మేవాడి జీతం లాభంలో వాటా అయినప్పుడు, "ఈ మనిషి ఎంతవరకూ ఇవ్వగలడు" అన్న అంచనా మొహం చూసి వేస్తాడు. వివక్షకి చోటు అక్కడే దొరుకుతుంది.

మందులు చాలానే వాడి చూశారు. 1990లో జనరల్ మోటార్స్ తెచ్చిన శాటర్న్ బేరంలేని ధరలతో మంచి పేరు తెచ్చుకుంది. 2010లో ఆ బ్రాండు మూతపడింది, అయితే దానికి కారణాలు కంపెనీ ఆర్థిక కష్టాల్లో ఉన్నాయి. 1993లో రిచ్‌మండ్‌లో మొదలైన కార్‌మ్యాక్స్ అమ్మినవాడికి కారు లాభంతో పనిలేకుండా స్థిరమైన కమిషన్ ఇస్తుంది. ఖరీదైన కారు వైపు నెట్టాల్సిన అవసరం ఆ ఒక్క మార్పుతో పోతుంది. 2021 అక్టోబరు నుంచి మన దేశంలో మెర్సిడెస్-బెంజ్ బళ్ళని తానే ఉంచుకుని, ఒకే ధరకి తానే బిల్లు చేస్తూ, డీలరుకి కమిషన్ ఇస్తోంది. యార్డు వడ్డీ భయం డీలరుకి తగ్గింది, పక్క డీలరు దగ్గర ఇంకో పదివేలు తగ్గుతుందేమోనన్న ఆశ కొనేవాడికి పోయింది. చట్టం దారి అంత సాఫీగా లేదు. దాచిన చార్జీలూ అడగని యాక్సెసరీసూ ఆపాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో తెచ్చిన నియమాన్ని, డీలర్ల సంఘం సవాలు చేస్తే 2025 జనవరిలో అప్పీలు కోర్టు కొట్టేసింది.

కొనేవాడి చేతిలో ఉన్న మందు ఒకటి రుజువైంది. బస్సీ, జెటెల్‌మేయర్, అయెలెట్ ఇజ్రాయేలీ కలిసి ఆడవాళ్ళ చేత, మగవాళ్ళ చేత గరాజులకి ఫోన్లు చేయించి, ఒక క్యామ్రీ కారుకి రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. ధర తెలియనట్టు మాట్లాడితే ఆడవాళ్ళకి ఎక్కువ చెప్పారు. ఇంతవుతుందని విన్నానని ఒక అంకె ముందే అంటే ఆ తేడా మాయమైంది. తగ్గించమని అడిగినప్పుడు ఆడవాళ్ళకే ఎక్కువసార్లు తగ్గించారు.

అయినా తెలుసుకుని వెళ్ళండని కొనేవాడి మీదే భారం వేయడం నాకు న్యాయంగా అనిపించదు. కారు పుస్తకం చదవడం రాని పెద్దవాళ్ళు ఉంటారు, ఆరేళ్ళకో బండి కొనేవాళ్ళం అందరం. మార్చాల్సింది గడపల జీతం. స్థిర జీతం బతకడానికి సరిపడేలా ఉండాలి, అమ్మినందుకు ఇచ్చేది కారుకి ఇంత అని సమానంగా ఉండాలి, పాలసీకీ లోనుకీ ముడి తెగాలి. సర్వీస్ అడ్వైజర్‌కి బిల్లు సగటు మీద కాక, అదే లోపంతో బండి తిరిగి రానందుకు డబ్బివ్వాలి. డెలివరీ రోజు తేలిన లోపాలకి ఏ డిపార్ట్‌మెంటుకీ చెందని ఒక పద్దు ఉండాలి. అప్పుడు బాడీషాపు వాళ్ళు ముందు పని చేసి, తర్వాత వాదించుకుంటారు.

మా బంపర్‌కి దీపావళి దాటాక రంగు వేశారు. అది కూడా ఆ కుర్రాడు మూడుసార్లు తిరిగి, తన మేనేజర్ చేత సంతకం పెట్టించుకుంటే. మధ్యలో ఒకరోజు ఫోన్ చేశాడు. "కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్. పదికి పది చెప్పండి, తొమ్మిదన్నా నా ఇన్సెంటివ్ పోతుంది." మా తమ్ముడు పది చెప్పాడు. ఆ కాల్‌లో కుర్రాడి పలకరింపు గురించి, టెస్ట్ డ్రైవ్ గురించి, కాగితాలు వివరించాడా లేదా అన్నదాని గురించి వరసగా అడిగారు. యార్డు గురించి ఒక్క ప్రశ్నా లేదు.